యలహంక గ్రంథాలయమున అరగంట

పాఠశాల విడిచిన పిమ్మట మా విద్యార్థులలో కొందరు ఇండ్లకు పోక, సంచులు భుజమున వేసికొని ప్రజాగ్రంథాలయము వైపు నడచుట మేము చాల దినములనుండి చూచుచుంటిమి. వారు పోవునది వార్తాపత్రికల కొరకు కాదని తెలియును. అక్కడ గోడవారగా కొన్ని కంప్యూటర్లు కలవు. పేరును, వచ్చిన వేళను రిజిస్టరులో వ్రాసి సంతకము చేసినచో ఎవరైనను అరగంటసేపు కూర్చుండవచ్చును. వెనుక నెవరును వేచియుండనిచో మరియొక అరగంట. పిల్లలు ఆటల కొరకు పోవుచున్నారని మా యభిప్రాయము. అడిగి తెలిసికొనలేదు. ఉపాధ్యాయులకు ఇటువంటి అభిప్రాయములు అడుగకుండగనే కలుగుచుండును.

2022వ సంవత్సరము జూలై మాసములో తొమ్మిదవ తరగతివారికి ఒక పని యిచ్చితిమి. నూరేండ్లకు ముందు అచ్చైన తెలుగు పుస్తకము నొకదానిని గూర్చి ఒక్క పుట వ్రాసి తేవలెను. ఇంటిలో పెద్దల నడిగియో, మా పాఠశాల బీరువాలోని పుస్తకములు చూచియో వ్రాయుదురని మా యుద్దేశము. ఆ బీరువాలో నున్నవి రెండువందలలోపు పుస్తకములు. వానిలో చెదలు ముట్టనివి ఎన్నియో ఇక్కడ వ్రాయుట మా పాఠశాలకు గౌరవము కాదు.

పిల్లలు తెచ్చిన కాగితములలో చాలవరకు ఒకే గైడునుండి ఎత్తిన ఒకే వాక్యములుండెను. ఒక బాలిక మాత్రము కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రమును గూర్చి వ్రాసెను. వ్రాసినది ఒక పుటయే. కాని యందులో గైడులలో దొరకని సంగతులు కొన్ని కలవు. అక్షరములు ఇప్పటి అచ్చుకంటె గుండ్రముగా నున్నవట. ఒక పుటపై ఏదో గ్రంథాలయపు ముద్ర వంకరగా పడియున్నదట. పదముల నడుమ అక్కడక్కడ అర్ధచంద్రుని వంటి గుర్తు ఒకటి యున్నదనియు, అది యేమియో తనకు తెలియలేదనియు చివర వ్రాసెను. అది అరసున్న. ఇప్పటి పాఠ్యపుస్తకము చదివిన పిల్లకు అరసున్న తెలియకపోవుట వింత కాదు. దానిని చూచితినని చెప్పుటయే వింత.

"ఈ పుస్తకం నీకెక్కడ దొరికిందమ్మా?" అని యడిగితిమి.

"లైబ్రరీలో సార్. కంప్యూటర్లో చూసినాను."

వెంటనే మా నోట వచ్చిన మాట తలచుకొన్నచో ఇప్పటికిని సిగ్గు కలుగును. "కన్నడంవాళ్ళ కంప్యూటర్లో పంతులుగారి పుస్తకం ఎట్లుంటుంది? ఎవరో రాసిచ్చింది తెచ్చి అబద్ధం చెప్పకు" అంటిమి. తరగతి యంతయు నవ్వెను. ఆ బాలిక ఏడువలేదు, ఎదురు చెప్పలేదు. నోటుపుస్తకము మూసికొని కూర్చుండెను.

మా యవిశ్వాసమునకు ఒక పూర్వకథ కలదు. మేము తిరుపతిలో పండిత శిక్షణము పొందు దినములలో, అనగా 2004 ప్రాంతమున, గంటకింత యని రుసుము తీసికొను ఇంటర్నెట్ దుకాణములుండెడివి. ఒకనాడు అక్కడ కూర్చుండి ఒక తెలుగు దినపత్రికను తెరచితిమి. తెరపై తెలుగునకు బదులు ఆంగ్లాక్షరములు, డాలరు గుర్తులు, ప్రశ్నార్థకములు కలగాపులగముగా కనబడినవి. అప్పటి పత్రికలు ఎవరి ఫాంటు వారు చేయించుకొని వాడెడివి. ఆ ఫాంటు లేని యంత్రములో వారి తెలుగు తెలుగుగా కనబడదు. మన లిపులకు లోకమంతట చెల్లునట్టి ఒకే సంకేతములను నిర్ణయించిన యూనికోడ్ 1991లోనే వెలువడినను, అది వాడుకలోనికి వచ్చుటకు చాల కాలము పట్టినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగునకు 'గౌతమి' యనియు, కన్నడమునకు 'తుంగ' యనియు ఫాంట్లు పెట్టిరి. రెండును నదుల పేర్లే. మేము కూర్చున్న దుకాణములోనికి గౌతమి పారలేదు కాబోలు. గంట రుసుము చెల్లించి, తెలుగునకును ఈ యంత్రమునకును పొసగదని నిశ్చయించుకొని వచ్చితిమి. తరువాతి కాలమున చేతి ఫోనులోనికి తెలుగు వచ్చినది. వార్తలు చదువుచుంటిమి, బంధువుల సందేశములకు నోటితో బదులు చెప్పి పంపుచుంటిమి. అయినను వార్త వేరు, పుస్తకము వేరు అను భావము మనస్సులో అట్లే నిలిచినది.

'కన్నడంవాళ్ళ కంప్యూటర్' అన్నమాటలో మరియొక తప్పు కలదు. 1537లో బెంగుళూరు కోటను కట్టించిన కెంపెగౌడ యలహంక ప్రభువు. ఆయన తెలుగులో 'గంగాగౌరీవిలాసము' అను యక్షగానమును రచించినట్లు చెప్పుదురు. యలహంక ప్రభువునకు అడ్డురాని తెలుగు యలహంక గ్రంథాలయమునకు అడ్డు వచ్చునా? ఈ సంగతి ప్రతి సంవత్సరము తరగతిలో చెప్పువారము మేమే. చెప్పునపుడు తోచినది అడుగునపుడు తోచలేదు.

ఆ సాయంకాలమే గ్రంథాలయమునకు పోయితిమి. పిల్లను పరీక్షించుటకు పోయితిమని ఒప్పుకొనవలెను. ఆమె చివరి కుర్చీలో కూర్చుండి యుండెను. మమ్ము చూచి లేచెను. కూర్చుండుమని చెప్పి పక్కన నిలిచితిమి. ఆమె ఏమియు మాటలాడక, ఆంగ్లాక్షరములతో ఏదో వ్రాసి, ఒక పేరును నొక్కెను. తెర నిండ పసుపుపచ్చని పుట. పైన అచ్చు పేరు, క్రింద ముద్రణాలయము పేరు, మూలన ఆమె చెప్పిన వంకరముద్ర. ఆమె పుటలు త్రిప్పుచు, ఒకచోట ఆపి, "ఇదే సార్ ఆ చంద్రుడు" అని అరసున్నపై వ్రేలు పెట్టెను.

అది యేమియో, ఎందుకు వచ్చినదో, పలుకుట మానినను వ్రాయుట ఎందుకు మానలేదో అక్కడనే నిలుచుండి చెప్పితిమి. పక్క కుర్చీలో ఏదో ఉద్యోగ పరీక్షకు చదువుకొనుచున్న కన్నడ యువకుడు మెల్లగా మాటలాడుడని సైగ చేసెను.

ఇంతకును ఆ పుస్తకము అక్కడికి వచ్చిన మార్గము విద్యార్థులు తెలియదగినది. శ్రీకాళహస్తి సమీపమున కాటూరను గ్రామములో 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో ఆచార్యులైరి. యంత్రమునకు మనుష్యుని మాట తెలియునట్లు చేయు శాస్త్రములో కృషిచేసి, 1994లో ట్యూరింగ్ పురస్కారము నందుకొనిరి. కంప్యూటరు శాస్త్రములో అంతకు మించిన గౌరవము లేదు. పది లక్షల పుస్తకములను ఛాయాచిత్రములుగా మార్చి లోకమునకు ఉచితముగా నందింపవలెనను సంకల్పమును నడపినవారిలో ఆయన ముఖ్యులు. అమెరికా, భారతదేశము, చైనా, ఈజిప్టు కలిసి చేసిన ఆ పనిలో 2007 నాటికి పదునైదు లక్షలకు పైగా పుస్తకములు చేరినవి. మన దేశములో దీనికి భారత డిజిటల్ లైబ్రరీ యని పేరు; ఆ పనికి కేంద్రము బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఇక్కడివారు టాటా ఇన్‌స్టిట్యూట్ అనునది. యలహంకకు అది ఇంచుమించు పండ్రెండు కిలోమీటర్లు. తెలుగుదేశములోని గ్రంథాలయముల బీరువాలనుండి దిగి, యంత్రము క్రింద పుటపుటగా పరచుకొని, ఇప్పుడు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అను భాండాగారములో నున్న ఆ పుస్తకములు, సముద్రము దాటి మరల మా పక్కవీధికి వచ్చినవి. మేము మాత్రము బీరువా తాళపుచెవి చేతబట్టుకొని కూర్చుంటిమి.

దొరకుట తేలిక యని అనుకొనరాదు. తెలుగులిపిలో పేరు వ్రాసి వెదకినచో ఈ పుస్తకములలో చాలభాగము కనబడవు. వాని పేర్లను ఆనాడు ఆంగ్లలిపిలో, ఒక ప్రత్యేక పద్ధతిలో ఎక్కించిరి. 'ఆంధ్ర' యను పదము కావలెనన్న మొదట రెండు 'ఏ'లు, ఒక 'ఎన్', దాని నెత్తిన చిన్న గీత, పిదప 'డి', 'హెచ్', 'ఆర్', 'ఏ' యుండును. దీర్ఘమైనచో అక్షరమును రెండుమారులు వ్రాయుదురు. ఎక్కించినవారు అలసియుండిన దినమున పేరు తప్పుగా పడినది. కొన్నిటిలో పుటలు తలక్రిందుగా నున్నవి, కొన్నిటిలో లేనే లేవు. ఒక పేరు పెట్టి మరియొక పుస్తకము పెట్టినవియు కలవు. ఈ పద్ధతి ఆ బాలికకు ఎవరును నేర్పలేదు. దొరకిన నాలుగైదు పేర్లను కాగితముపై పక్కపక్కన వ్రాసికొని, ఏ తెలుగక్షరమునకు ఏ ఆంగ్లాక్షరము వచ్చుచున్నదో తానే పట్టిక వేసికొనెను. శాసనముల లిపిని విప్పినవారు చేసిన పనియు ఇదే జాతికి చెందినది. మేము ఆ పట్టికను చూపుమని అడిగినపుడు ఆమె కొంచెము సందేహించెను. ఉదయము జరిగినదాని తరువాత సందేహింపక ఏమి చేయును?

ఆమె గ్రంథాలయమునకు పోవుట మొదలుపెట్టిన కారణమును ఆనాడే తెలిసినది. 2020లో పాఠశాలలు మూతపడినపుడు పాఠములు ఫోనులోనికి పోయినవి. వారి యింట ఫోను ఒక్కటే. దానిని తండ్రి పనికి తీసికొని పోవును, రాత్రి ఎనిమిది గంటలకు తెచ్చును. అప్పటికి అందు ప్రాణము మిగులదు. ఆ సంవత్సరము మేము పంపిన పాఠములలో ఆమె విన్నవి చాల తక్కువ. మా హాజరుపట్టీలో 'శ్రద్ధ లేదు' అని వ్రాసియుంటిమి.

మరునాడు తరగతిలో, నిన్న తప్పు మాదని అందరియెదుట చెప్పితిమి. చెప్పుటకు ముందు సుద్దముక్కతో నల్లబల్లపై అవసరము లేని తేదీని రెండుమారులు వ్రాసితిమి. ఆ బాలిక తల యెత్తలేదు. అయితే ఆ సాయంకాలము గ్రంథాలయములో తన కుర్చీని కొంచెము పక్కకు జరిపి, మాకు చోటిచ్చెను.

అటుపిమ్మట మా శిష్యరికము మొదలైనది. తెలుగు పండితులమైయుండియు తెలుగులో ఒక పంక్తియైనను మీటలు నొక్కి వ్రాసి యెరుగము. ఆమె భాషల పట్టికను తెరచి, కన్నడము పేరుకు దిగువన నున్న తెలుగును చూపెను. మన దేశపు లిపులకొరకు 1980లలో ఎలక్ట్రానిక్స్ శాఖవారు స్థిరపరచిన మీటల యమరిక యొకటి కలదు. దానికి ఇన్‌స్క్రిప్ట్ అని పేరు. అందులో అచ్చులును గుణింతపు గుర్తులును ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చునట్లు పంచినారు. విశేష మేమనగా, 'క' యను ధ్వనికి ఏ మీటయో నిర్ణయించిన తరువాత, లిపి తెలుగైనను కన్నడమైనను హిందీయైనను అదే మీట. కన్నడము వ్రాయుటకు చేయి అలవాటైన పిల్లవాడు పట్టికలో భాష పేరు మార్చిన క్షణమునుండి తెలుగు వ్రాయగలడు. మా పిల్లలకు కన్నడము ఎట్లును నేర్వవలసిన భాషయే. ఒక భాషకు చేసిన శ్రమ మరియొక భాషకు ఉచితముగా వచ్చు సందర్భములు మా యుద్యోగములో ఎక్కువ చూడలేదు.

మాకు ఎక్కువ సంతోషము కలిగించినది సంయుక్తాక్షరము. 'క్ష' కావలెనన్న మొదట 'క', పిదప పొల్లు, పిదప 'ష' నొక్కవలెను. నొక్కిన వెంటనే 'ష' వచ్చి 'క' క్రిందికి ఒదిగిపోవును. హల్లులోని అకారము లోపించి, పై హల్లుతో కూడుట! ఎనిమిదవ తరగతిలో ఏటేట మేము గొంతు పోవునట్లు చెప్పు సూత్రమును యంత్రము కిమ్మనక పాటించుచున్నది. సంయుక్తాక్షరమునకును ద్విత్వాక్షరమునకును భేదము తెలియని పిల్లలను ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుండబెట్టి 'అమ్మ', 'భక్తి' యను రెండు మాటలు వ్రాయించుచున్నాము. నల్లబల్ల దగ్గర రెండు దినములు పట్టునది అక్కడ పది నిమిషములలో ముగియును. యూనికోడ్‌లో తెలుగునకు 128 స్థానములిచ్చి, అవి ముగిసిన చోటనే కన్నడమునకు 128 స్థానములిచ్చినారు. తెలుగునకు ముందటి యిల్లు తమిళముది. పటములో ఎట్లో అక్కడను అట్లే.

సందేహ నివృత్తికి నిఘంటువు కావలెనన్నను అదే కుర్చీ. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము, బ్రౌను దొరగారి నిఘంటువు, మరికొన్ని, 'ఆంధ్రభారతి' యను చోట ఒక్కమారు వెదకుటకు వీలుగా నున్నవి. మా యింటిలోని శబ్దరత్నాకరము అట్ట ఊడిన నాటినుండి దానిని తెరచుటకు భయపడుచుంటిమి.

ఇక తల్లిదండ్రులకు చెప్పవలసిన సంగతి. ఆ బాలిక తండ్రి హిందూపురమునకు ఆవలి పల్లెనుండి వచ్చి ఇక్కడ బేల్దారి పని చేయువాడు. ఆయనకు చదువు రాదు. యలహంక, ఎలక్ట్రానిక్ సిటీ, దేవనహళ్ళి వైపు లేచిన గోడలలో మన సీమవారు పెట్టిన ఇటుకలు ఎన్నో లెక్కకు రావు. ఆయన ఇటుకలును అందులో కలవు. తెలుగు మీడియము మాన్పించి బిడ్డను ఇంగ్లీషు బడిలో చేర్చవలెనని ఆ యేడు ఆయన నిశ్చయించుకొని, టి.సి. అడుగుటకు మా యొద్దకు వచ్చెను. "ఈ ఊర్లో తెలుగుతో ఏం పనుంది సార్?" అనెను. ఆ ప్రశ్నకు సభలలో చెప్పు సమాధానములు మాకు చాల వచ్చును. భాష తల్లి వంటిదనియు, మరియేమో అనియు. ఆయన చేతులకు అంటిన సిమెంటును చూచి ఒక్కటియు చెప్పలేకపోతిమి. టి.సి. సోమవారము ఇత్తుమని చెప్పి పంపితిమి.

ఆదివారమునాడు బాలికయే దారి కనిపెట్టెను. పల్లెలో వారి తాతగారి పొలము కలదు. తాత గతించిన పిదప ఆ పొలమును పెద్దకొడుకు తన పేరిట వ్రాయించుకొనెనని ఎవరో చెప్పగా, ఈయన నమ్మి, మూడేండ్లుగా అన్నతో మాట మానెను, ఊరికి పోవుట మానెను. ఆంధ్రప్రదేశములో భూముల దాఖలాలను 'మీభూమి' యను పేర 2015నుండి ఇంటర్నెట్‌లో చూపుచున్నారు. కర్ణాటకమువారి 'భూమి' కన్నడములో నుండునట్లే, అది తెలుగులో నుండును. పిల్ల ఆ సంగతి తెలిసికొని తండ్రిని గ్రంథాలయమునకు తీసికొని వచ్చెను. మమ్మును రమ్మనెను.

ఆయన గుమ్మము దగ్గర ఆగెను. "మనల్ని రానిస్తారా సార్, ఈ బట్టలతో?" అనెను. 1965నాటి గ్రంథాలయ చట్టము ప్రకారము ఈ నగరములో ఇంటిపన్నుపై రూపాయికి ఆరు పైసలు గ్రంథాలయములకు చేరును. అద్దె కట్టు ప్రతివాని అద్దెలో అందులో కొంత యుండును. మీరు కట్టిన దానిలోనిదే ఈ కుర్చీ యని చెప్పితిమి. పూర్వము పెద్దలు ఈ సంకోచమును ఎరిగియే పుస్తకములను ఎదురు పంపిరి. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘమును నెలకొల్పిన అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూర తిరిగిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో పుస్తకములు పెట్టి రేవురేవున నిలిపిరి. ఆ పడవ యెదుట ఎవరును బట్టలు చూచికొని యుండరు. ఈయన చెప్పులు విడిచి లోనికి వచ్చెను.

తెరపై అడంగల్ వచ్చినది. బాలిక వరుసగా చదివెను. సర్వే నెంబరు, ఖాతా నెంబరు, మెట్ట. పట్టాదారు పేరున్న చోట తాతగారి పేరే యుండెను. తండ్రి ముఖము వికసించినది. తరువాతి గడిలో 'అనుభవదారు' అని యుండి, దానియెదుట అన్నగారి పేరుండెను. ఆయన లేచి నిలిచెను. "చూసినారా సార్, రాయించుకున్నాడు!"

"అనుభవదారు అంటే అనుభవం ఉండే ఆయన కదా సార్? ఎక్స్‌పీరియన్స్?" అని పిల్ల అడిగెను.

పదమూడేండ్లకు పైగా ఈ యూర తెలుగు చెప్పితిమి. ఒక మాట యర్థము ఇంత యవసరముగా ఎవరును అడుగలేదు. పట్టాదారనగా ఎవరి పేర పట్టా కలదో వాడు. అనుభవదారనగా భూమి ప్రస్తుతము ఎవరి స్వాధీనములో నుండి, ఎవరు సాగు చేసికొనుచున్నారో వాడు. ఇక్కడ అనుభవమనగా పనిలో ఆరితేరుట కాదు, వాడుకొనుట. 'ఇల్లు అనుభవించుచున్నాడు' అనుటలోని యనుభవము. మీ అన్న దున్నుచున్నాడనియే ఈ గడి చెప్పుచున్నది, ఆయన సొంతమైనదని చెప్పుట లేదు అని వివరించితిమి. మేము న్యాయవాదులము కాము గనుక, ఊరికి పోయి గ్రామ రెవెన్యూ అధికారిని కలిసి రూఢి చేసికొనుమని కూడ చెప్పితిమి. ఆయన మరల కూర్చుండుటకు కొంతసేపు పట్టినది.

విస్తీర్ణము దగ్గర 1.37 అని యుండెను. "ఒక ఎకరా ముప్పైయేడు గుంటలు" అని పిల్ల చదివెను. కర్ణాటకములో చదువుకొన్న బిడ్డ గదా. అప్పుడు తండ్రి మొదటిసారి నవ్వెను.

"గుంటలు కాదు పాపా, సెంట్లు. మన పక్క సెంట్లు."

ఇక్కడ ఎకరమునకు 40 గుంటలు, అక్కడ 100 సెంట్లు. ముప్పదియేడు సెంట్లనగా పదునైదు గుంటలు కూడ నిండవు. పిల్ల కాగితముపై లెక్క వేసి చూచి, తన తాతగారి పొలము అర యెకరమునకు పైగా తగ్గిపోయినందుకు కొంచెము నొచ్చుకొనెను. తండ్రి తన చేతి వ్రేళ్లతో బల్లపై గట్లు గీచి, ఎక్కడ చింతచెట్టో, ఎక్కడ బావియో చూపుచుండెను. అరగంట దాటినది. వెనుక వేచియున్న యువకుడు గడియారము చూచికొనెను గాని లేపలేదు.

సోమవారము టి.సి. కొరకు ఎవరును రాలేదు. ఆ తరువాతి ఆదివారము ఆయన యలహంకలో తెల్లవారుజామున హిందూపురము బండి యెక్కెను. తిరిగివచ్చి మా యింటికి ఒక సంచి శెనక్కాయలు పంపెను. అన్నదమ్ములు మాటలాడుకొనిరట. పొలము సంగతి ఇంకను తేలలేదు. తండ్రి పేరునుండి ఇద్దరి పేర్లకు మార్పించుటకు కలిసి దరఖాస్తు పెట్టుదమని అనుకొనిరట.

ఇట్టి పనులకు పోవువారు ఒక జాగ్రత్త గమనింపవలెను. ఆ కుర్చీ మన తరువాత మరియొకరిది. మేము ఒకనాడు మా మెయిలును తెరచి, మూయుట మరచి, బస్సెక్కితిమి. మా తరువాత కూర్చున్నవారు మంచివారు గనుక దానిని మూసి, అదే మెయిలునుండి మాకే ఒక హెచ్చరిక వ్రాసి పెట్టిరి. తమ పేరును వ్రాయలేదు. అందరును అట్టివారు కారు. ఆధార్ కాగితమును గాని, బ్యాంకు కాగితమును గాని దింపుకొన్నచో, పని ముగిసిన వెంటనే తుడిచివేయవలెను. చెత్తబుట్టలోనుండి కూడ తుడిచివేయవలెను. సంకేతపదమును గుర్తుంచుకొందునా యని యంత్రము అడిగినపుడు వలదని చెప్పవలెను. లేచుటకు ముందు తెరచిన ప్రతి ద్వారమును మూయవలెను. బ్యాంకు పనులు అక్కడ చేయకుండుటయే మేలు.

ఆ బాలిక పదవ తరగతి ముగించి కాలేజీకి పోయినది. తన పేరు వ్రాయవలదని కోరినందున వ్రాయలేదు. పోవుచు, అక్షరముల పట్టికయు తాను కనుగొన్న పుస్తకముల పేర్లును ఉన్న నోటుపుస్తకమును మా కిచ్చి పోయెను. పేర్లు 62. ప్రతి పేరు ఎదుట, ఏ స్పెల్లింగుతో వెదకిన దొరకునో ఎఱ్ఱ సిరాతో వ్రాసియున్నది. అరసున్నలు ఎక్కువగా నున్న పుస్తకములకు పక్కన చిన్న చంద్రుని గీచియున్నది. తరువాతి తరగతులవారు దానిని పెంచుచున్నారు. నేటికి 114 అయినవి. వేమనకు దొరకినన్ని ప్రతులు మరెవరికిని దొరకలేదు. 71వ పేరు తప్పు, దానిని వెదకినచో వైద్యగ్రంథము వచ్చుచున్నది, ఎవరైనను సవరింపవలెను.

నోటుపుస్తకము ఉపాధ్యాయుల గదిలో బీరువా పై యరలో నున్నది. బీరువాకు తాళము వేయుట మానినాము. వచ్చు శనివారము మధ్యాహ్నము ఎనిమిదవ తరగతివారి వంతు. ఇద్దరిద్దరుగా పోవలెను. ఇంటిలో చదువు రాని పెద్దలకు చూడవలసిన కాగితము లేవైన నున్నచో వారిని వెంట తీసికొని రావచ్చును.